పట్టేవాడి లెక్క

2022లో జిల్లా మారి తిరుపతి కిందికి వచ్చినా నాయుడుపేటలో మాట మాత్రం ఇంకా నెల్లూరు మాటే. ఈ సంవాదంలో ఒకరు ఇక్కడి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు కబడ్డీలో ఎడమ కార్నర్ ఆడేవారు, ఇప్పుడు ఎడమ మోకాలు పూర్తిగా వంగదు. రెండో మనిషి ఆయన మేనకోడలు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమె కొడుక్కి పద్నాలుగేళ్లు. ఆ కుర్రాడు ఇన్నాళ్లూ ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడాడు. నడుముకు కట్టుకున్న పట్టీని ఎదుటివాడు లాగేస్తే అక్కడితో ఆ పరుగు ఆగిపోతుంది, దెబ్బలుండవు. వచ్చే ఆగస్టులో హైస్కూల్ జట్టులో చేరి, మనిషిని మనిషి గుద్ది పడగొట్టే అసలు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతానని, అందులోనూ లైన్‌బ్యాకర్‌గా ఆడతానని పట్టుబట్టాడు. తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన కాగితం ఆమె ఫోన్లో ఉంది. సంక్రాంతికి ఒక్కతే వచ్చి, పండగ వెళ్లాక మామ దగ్గర ఆ సంగతి తీసింది. ఆయన వద్దన్నారు. ఆమె పెడతానంది.

నేను మాస్టారి దగ్గర చదువుకున్నవాణ్ణి. నా మొగ్గు ఆయన వైపే. అయితే ఆమె అడిగినవాటిలో ఒకదానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మామ: ముందు ఇది చెప్పు అమ్మణ్ణీ. ఆ ఆటలో బంతి విసిరేవాడుండాడు, అందుకుని పరిగెత్తేవాడుండాడు. పేరూ డబ్బూ వాళ్లకే ఎక్కువ. వీడు ఏరికోరి పట్టేవాడి పని ఎందుకు అడిగినాడు?

మేనకోడలు: నీ చలవే మామా. పోయినసారి వేసవికి వచ్చినప్పుడు వాణ్ణి పెరట్లో నిలబెట్టింది నువ్వే కదా. కూతకొచ్చినోడి మొహం చూడబాకరా, కాళ్లు చూడు అన్నావు. ఎత్తిన కాలి జోలికి పోవద్దు, బరువు ఆనించిన కాలు పట్టు, అది నేల వదిలేలోపు చీలమండ మీద రెండు చేతులూ పడాల అన్నావు. అక్కడ కోచ్ కూడా వాడికి అట్టాంటిదే చెప్పాడు. బంతి వంక చూడకు, తల ఊపితే మోసపోకు, నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు అని. ఇంటికొచ్చి, తాతయ్య చెప్పిందే కోచ్ చెప్తున్నాడమ్మా అన్నాడు. ఆ సంతోషం నువ్వు చూడాల్సింది.

మామ: లైన్‌బ్యాకర్ అంటే సరిగ్గా యాడ నిలబడతాడు?

మేనకోడలు: ముందు వరసలో బరువైనవాళ్లు తోసుకుంటుంటారు, వాళ్ల వెనక. ఎదుటి జట్టుకు పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింటినీ చెడగొట్టడమే డిఫెన్స్ పని. బంతి వీడి పక్కకొస్తుందా, విసురుతారా, పరిగెత్తుతారా అనేది బంతి కదలకముందే లైన్‌బ్యాకర్ పసిగట్టాలి. 2008 నుంచి అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డిఫెన్స్ వాళ్లలో ఒకడి హెల్మెట్లో రేడియో పెట్టనిస్తున్నారు. కోచ్ చెప్పింది విని మిగతా పది మందికీ అతనే చెప్పాలి. ఎక్కువగా అది లైన్‌బ్యాకర్ హెల్మెట్లోనే ఉంటుంది. ఒట్టి కండబలం కాదు మామా, బుర్ర పని.

మామ: నా దిగులు కూడా ఆ బుర్ర గురించే.

మేనకోడలు: తెలుసు. అక్కడికే వస్తాను. ముందు వీడి మనసులో ఎవరున్నారో చెప్తాను. వాడి గోడ మీద బ్రాండన్ చిల్లార్ బొమ్మ ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడినవాళ్లలో మన రక్తం ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఒకడు. తండ్రి భారతీయుడు. కాలిఫోర్నియాలో కార్ల్స్‌బాడ్‌లో పెరిగి యూసీఎల్‌ఏలో ఆడాడు. జట్లు కొత్త ఆటగాళ్లను ఏరుకునే 2004 డ్రాఫ్టులో నాలుగో రౌండ్, 130వ పేరుగా సెయింట్ లూయిస్ రామ్స్ తీసుకున్నారు. నాలుగేళ్ల తర్వాత గ్రీన్ బే ప్యాకర్స్. లైన్‌బ్యాకరే. 2011 ఫిబ్రవరి 6న ప్యాకర్స్ పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌ను 31-25తో ఓడించి లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచారు. ఆ ఆట జరిగిన ఆర్లింగ్టన్ స్టేడియం మా ఊళ్ల పక్కనే. మనలాంటి పేరున్నోడు ఆ మైదానంలో ఉండొచ్చని వీడికి తెలిసింది అతని వల్లే.

మామ: ఆ రోజు ఆ పిల్లోడు ఆడినాడా?

మేనకోడలు: లేదు. భుజం దెబ్బతిని సీజన్ మధ్యలోనే పక్కన కూర్చున్నాడు.

మామ: నువ్వు ఫోన్లో పేరు చెప్పినాక నేనూ చదివినాను అమ్మణ్ణీ. ఆ ఏడు ప్యాకర్స్‌లో దెబ్బలు తిని పక్కనబెట్టినోళ్లు డజనుకు పైనే. సూపర్ బౌల్‌కు ముందు జట్టంతా నిలబడి ఫొటో దిగతారంట. ఈ దెబ్బలు తినినోళ్లు ఊరికి చేరకముందే ఆ ఫొటోకు రోజు పెట్టేసినారు. వాళ్లలో కొందరు బయటపడి అడిగినాక రోజు మార్చినారు. సీజను సగం దాకా వాళ్ల ఎముకల మీదే కదా గెలిచింది? ఫొటోలో నిలబడేదానికి కూడా అడుక్కోవాల్సి వచ్చింది. అదే జూలైలో చిల్లార్‌ను జట్టులోంచి తీసేసినారు. అంతకు రెండేళ్లు తిరక్కముందే కొత్త ఒప్పందం రాసిచ్చినారు కూడా. అప్పటికి వయసెంత? ఇరవై ఎనిమిది. మళ్లీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడలేదు. నీ కొడుకు గోడ మీద బొమ్మ పెట్టుకుంటే పెట్టుకోనీ, కథ చివరిదాకా చెప్పాల కదా.

మేనకోడలు: చెప్పాను మామా. ఏడేళ్లు నిలబడ్డాడు, అది తక్కువా? సగటు ఆటగాడు మూడేళ్లకు కాస్త పైన మాత్రమే ఉంటాడని ఆటగాళ్ల సంఘమే అంటుంది. 2025లో అప్పుడే చేరిన కుర్రాడికి కనీస జీతం 8,40,000 డాలర్లు, మన లెక్కలో ఏడు కోట్ల పైమాట.

మామ: ఆ కనీస జీతం దాకా పోయేదెంతమంది? ఆ దేశంలో హైస్కూళ్లలో ఈ ఆట ఆడే పిలకాయలు పది లక్షల పైనే. వాళ్లలో కాలేజీకి పోయి ఆడేది కొద్దిమంది. కాలేజీలో ఆడినోళ్లలో పైకి పోయేది నూటికి ఇద్దరు కూడా కాదు. పోయినోడికైనా మూడు సీజన్లు నిలబడితేనే పింఛను. సగటు కూడా మూడే అంటుండావు. పింఛను గడప కాడికి వచ్చి సగం మంది వెనక్కి తిరిగిపోతారన్నమాట.

మేనకోడలు: నేను ఎన్‌ఎఫ్‌ఎల్ కలలు కనట్లేదు. నాలుగేళ్లు హైస్కూల్లో ఆడతాడు, అంతే. ఫ్రిస్కోలో శుక్రవారం రాత్రి అంటే ఏమిటో నీకు తెలీదు మామా. డాలస్ కౌబాయ్స్ హెడ్డాఫీసు మా ఊళ్లోనే కట్టారు, అక్కడి పన్నెండు వేల మంది పట్టే స్టేడియంలో మా బడి పిల్లలు కూడా ఆడతారు. వీడి వయసు తెలుగు పిల్లలు స్పెల్లింగ్ పోటీలు, మ్యాథ్ క్లబ్బులు. మంచివే, కాదనను. కానీ వీడు బడిలో ఎవరి పక్కనో ఒకరి పక్కన కూర్చునే పిల్లాడు. జట్టులో ఉంటే వీడి పక్కన పది మంది నిలబడతారు. అది వీడికి కావాలి. తల్లిని, నాకు కనబడుతోంది.

మాస్టారు ఆ మాటకు వెంటనే జవాబివ్వలేదు. బడిలో ఒంటరిగా ఉండే పిలకాయలను కబడ్డీ గీతల్లోకి లాక్కొచ్చి నిలబెట్టిన మనిషి ఆయన. ఆమె చెప్పిన ఆకలి ఏమిటో ఆయనకు ఎవరూ వివరించక్కర్లేదు.

మామ: 2011 అన్నావు కదా. ఆ సూపర్ బౌల్ అయిన పదకొండో రోజు ఇంకో పట్టేవాడు పోయినాడు. డేవ్ డ్యూర్సన్. షికాగో బేర్స్‌లో సేఫ్టీ, అంటే అందరికన్నా వెనక నిలబడే కాపలా. 1985 సీజన్లో ఆ బేర్స్ డిఫెన్స్‌ను మించింది లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. బేర్స్‌తో ఒకటి, తర్వాత న్యూయార్క్ జెయింట్స్‌తో ఒకటి, రెండు సూపర్ బౌళ్లు గెలిచినాడు. పదకొండు సీజన్లు ఆడినాడు. నీ సగటుకు మూడింతలు. ఆట మానినాక ఏం చేసినాడో తెలుసా? పాత ఆటగాళ్లు మాకు ఒళ్లు చెడింది, భృతి ఇప్పించండని పెట్టుకునే అర్జీలు చూసే బోర్డులో కూర్చున్నాడు. తలనొప్పులు, మతిమరుపు అని రాసుకొచ్చిన కాగితాలు ఆయన చేతిమీదుగా పోయినాయి. కడాకు ఆయనకే అవన్నీ మొదలైనాయి. యాభయ్యేళ్లకు తన ప్రాణం తనే తీసుకున్నాడు. నా మెదడు పరిశోధనకు ఇవ్వండని రాసిపెట్టి మరీ పోయినాడు. బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు కోసి చూస్తే సీటీఈ. తలకు మళ్లీ మళ్లీ అదురు తగిలి, ఏళ్ల తరబడి లోపల్లోపల ముదిరే జబ్బు. బతికుండగా ఖాయంగా తేల్చి చెప్పే పరీక్ష లేదు.

మేనకోడలు: అది నేనూ చదివాను. 2017లో అదే బోస్టన్ వాళ్లు 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లు చూస్తే 110 మందిలో జబ్బు కనబడిందన్నారు. కానీ ఆ మెదళ్లు ఇచ్చింది ఎవరు? ఇంట్లో మనిషి మారిపోయాడని అనుమానం పడ్డ కుటుంబాలు. ఏ ఇబ్బందీ లేకుండా మనవళ్లతో ఆడుకుంటున్న పాత ఆటగాడి మెదడు ఆ బల్ల మీదికి రాలేదు. ఆ లెక్క చూపి ఆడినవాళ్లందరికీ వస్తుందంటే ఒప్పుకోను. పరిశోధన చేసినవాళ్లే ఆ మాట అనలేదు.

మామ: అనలేదు. సరే. రెండేళ్లకు, 2019లో, వాళ్లే ఇంకోటి చెప్పినారు. ఆడే ఒక్కో ఏడాదికీ ఆ జబ్బు ఉండే అవకాశం నూటికి ముప్పై చొప్పున పెరగతా పోతుందని. ఒక పెద్ద దెబ్బ కాదమ్మణ్ణీ వాళ్ల భయం. పడిపోయి లేచి, ఏం కాలేదులే అనుకునే చిన్న అదురులు. ప్రాక్టీసులో రోజుకిన్ని, వారానికిన్ని. పెద్ద దెబ్బ తగిలితే డాక్టరు చూస్తాడు. వీటిని ఎవరు చూస్తారు?

మేనకోడలు: అందుకే నేను నాలుగేళ్లే అంటున్నాను. పద్నాలుగు దాకా ఫ్లాగ్ ఆడించింది కూడా అందుకే.

మామ: ఇంకోటి విను. ఆ డ్యూర్సన్ ఆడిన బేర్స్‌కు కోచ్ మైక్ డిట్కా. అదే 2011లో మన దేశంలో ఈ ఆట పెడతామని ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ఒకటి ప్రకటించినారు. డబ్బు పెట్టినోళ్లలో ఈ డిట్కా ఉండాడు.

మేనకోడలు: చిల్లార్ కూడా ఉన్నాడు మామా. మన పిల్లలకు ఈ ఆట దారి చూపాలని పెట్టాడు.

మామ: ఉండాడు. హైదరాబాద్ స్కైకింగ్స్ అని మనకూ ఒక జట్టు. 2012లో ఒక సీజను శ్రీలంకలో ఆడించి టీవీలో వేసినారు. తర్వాత అది నిలబడలేదు. నాకు కడుపు మండేది అది మూతపడిందని కాదు. ఆ పిలకాయల్లో చాలామందికి అప్పటిదాకా ఆ బంతి ఆకారమే తెలీదు. తలకు హెల్మెట్ పెట్టి గుద్దుకోండని దించినారు. లీగ్ ప్రకటించిన 2011లోనే అమెరికాలో డ్యూర్సన్ మెదడు కోసి చూసినారు. నాలుగేళ్లకు, 2015లో, టీవీలో ఎవరో అడిగినారు డిట్కాను: ఇప్పుడు మీకు ఎనిమిదేళ్ల కొడుకుంటే ఈ ఆట ఆడిస్తారా అని. ఆడించను అన్నాడు. వచ్చే లాభం కంటే పోయేది ఎక్కువ అన్నాడు. జీవితమంతా ఆ ఆట తిండి తినినాయన! సొంత కొడుక్కి వద్దనుకున్నది హైదరాబాద్ పిల్లోడికి ఎట్టా మంచిదైంది?

ఇక్కడ నేనొక మాట చెప్పుకోవాలి. ఒక ఆట ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వచ్చేటప్పుడు దుస్తులు, బంతులు, జట్ల పేర్లు అన్నీ వస్తాయి. దాని గాయాల చరిత్ర మాత్రం ఓడ ఎక్కదు. దాన్ని మనమే వెతికి తెప్పించుకోవాలి. ఆ పని మాస్టారు ఒక్కరే, మనవడి కోసం, నాయుడుపేటలో కూర్చుని చేశారు. అప్పట్లో స్కైకింగ్స్ గురించి పత్రికల్లో వచ్చినవాటిలో నా కంటబడ్డవన్నీ ఎవరు పెట్టుబడి పెట్టారన్నదాని గురించే.

మేనకోడలు: సరే మామా. ఇప్పుడు నేనడుగుతాను, ఏమనుకోవద్దు. నీ మోకాలు?

మామ: దాని సంగతెందుకు?

మేనకోడలు: దాని సంగతే కావాలి. ఆ ఊరి సంక్రాంతి పందెం, ఈ ఊరి తిరునాళ్ల పందెం అని తిరిగావు. గులకరాళ్లు ఏరేసి సున్నం గీతలు గీస్తే అదే కోర్టు. గెలిస్తే జట్టు మొత్తానికి కప్పు. మోకాలు పోయిన రోజు నిన్ను పట్టించుకున్నదెవరు? కట్టు కట్టినాయన డాక్టరు కూడా కాదు. నీ జట్టులోవాళ్ల భుజాలు, వేళ్లు, పళ్లు? నువ్వు తయారుచేసిన పిలకాయల్లో ఎంతమందికి మోకాలి లోపలి నరం తెగింది? లెక్కుందా? ఎవరి దగ్గరన్నా?

మామ: లేదు. ఎవరి దగ్గరా లేదు.

మేనకోడలు: ఇప్పుడు మ్యాట్లు వచ్చాయి, 2014లో ప్రో కబడ్డీ వచ్చింది, తెలుగు టైటాన్స్ వచ్చింది. మంచిదే. పట్టేవాడికి కూడా విలువ వచ్చింది, 2018 వేలంలో ఇరాన్ కార్నర్ ఫజల్ అత్రాచలి కోటి రూపాయలు పలికాడు. అది పైనున్న వంద రెండొందల మంది సంగతి. కింద ఊళ్లో ఆడే పిల్లాడికి ఏముంది? మా దగ్గర 2011లోనే టెక్సాస్‌లో చట్టం చేశారు. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, ఆ పిల్లాణ్ణి అప్పుడే ఆటలోంచి తీసేయాలి, డాక్టరు రాసిచ్చిందాకా దించకూడదు. 2013 నుంచి పూర్తిగా గుద్దుకునే ప్రాక్టీసు ఒక్కో పిల్లాడికి వారానికి తొంభై నిమిషాలు దాటకూడదు. నా ఫోన్లో ఉన్న కాగితం ఆ తల దెబ్బల గురించే. చదివి తెలుసుకున్నామని తల్లిదండ్రులు సంతకం చేస్తేనే పిల్లాణ్ణి రానిస్తారు. నువ్వు ఒక్క పిల్లాడి తండ్రి దగ్గరైనా అట్టాంటి కాగితం తీసుకున్నావా? నువ్వు చెడ్డవాడివని అనట్లేదు మామా. నిన్ను మించిన మాస్టారు మాకు లేడు. అమెరికా ఆట మనుషుల్ని పాడుచేస్తుందని అంటుంటే, మన ఆటకు ఆ లెక్కే రాసుకోలేదు కదా అని అడుగుతున్నాను.

నా దగ్గర జవాబు లేదన్న ప్రశ్న ఇదే. మన ఊళ్లలో మోకాలు చెడి, ఆ తర్వాత బరువు పని చేయలేక, చేసే పని మార్చుకున్న కబడ్డీ ఆటగాళ్లు నాకే తెలుసు. వాళ్ల పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు.

మామ: నువ్వన్నది నిజం. నేను రాసుండాల్సింది. కానీ లెక్క రాసుకున్నంత మాత్రాన న్యాయం జరగదు, అది కూడా విను. అక్కడ పాత ఆటగాళ్లు కోర్టుకు పోతే ఎన్‌ఎఫ్‌ఎల్ పరిహారం ఇస్తానని ఒప్పుకుంది కదా. మతి ఎంత దెబ్బతినిందో కొలిచి ఇవ్వాల. ఆ కొలతలో నల్లవాళ్లకు వేరే తూకం పెట్టినారు. వాళ్ల బుర్ర మొదటినించే తక్కువ స్థాయిలో ఉండుంటుందని లెక్కగట్టి, అక్కణ్ణుంచి ఎంత తగ్గిందో చూసినారు. అంటే అదే మార్కులు తెల్లాయనకు వస్తే పరిహారం, నల్లాయనకు వస్తే నీకేం కాలేదు పో అని. కెవిన్ హెన్రీ అని స్టీలర్స్‌లో ఎనిమిదేళ్లు డిఫెన్స్ ముందు వరసలో ఆడినాయన, ఇంకొకాయనతో కలిసి 2020లో దావా వేస్తే, మరుసటేడు ఆ పద్ధతి మానేస్తామన్నారు. ఆ లీగ్ ఆటగాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లే. కాగితాలు ఉండాయి, డాక్టర్లు ఉండారు, లెక్కలు ఉండాయి. ఆ లెక్కలోనే మోసం. మన పిల్లోడి చర్మం రంగు కూడా నువ్వు మర్చిపోబాక.

మేనకోడలు: మర్చిపోలేదు. అడగడానికి అక్కడ కోర్టుంది, అడిగాకే ఆ పద్ధతి పోయింది. అది కూడా ఆ కథలో ఉంది.

మామ: ఉండాది. ఇంక ఆటలోకి వద్దాం. నా ఆటకూ ఆ ఆటకూ తేడా నాకు ఒక్క తావనే కనబడుతుంది. కబడ్డీలో పట్టేవాడికి గుద్దే అవసరం లేదు. డ్యాష్ ఉండాది, కాదనను, కానీ అది గీత బయటికి తోసేదానికి. పట్టు అంటే పట్టే. వాడి బరువు వాడికే ఎదురయ్యేట్టు చేసి ఆపేస్తాం. కార్నర్ పట్టినాక గొలుసు వచ్చి మూసేస్తుంది. ఆ ఆటలో పట్టేవాడు హెల్మెట్ ఉందని ధైర్యంగా తల ముందు పెట్టి పోతాడు. తల లేని చోట భుజం పెట్టమని వీడికి ఎవరన్నా నేర్పిస్తారా?

మేనకోడలు: నేర్పిస్తున్నారు. 2014లో సియాటిల్ సీహాక్స్ కోచ్ పీట్ క్యారల్ రగ్బీ వాళ్ల పద్ధతి చూపిస్తూ వీడియో బయటపెట్టాడు. తల పక్కకు, భుజం తొడ మీదికి, చేతులు చుట్టేసి, వాడితోపాటే దొర్లడం. అప్పటికి వాళ్లు సూపర్ బౌల్ గెలిచిన జట్టు. మా బడి కోచ్‌లు ఆ వీడియో చూపించే నేర్పుతున్నారు. 2018లో ఎన్‌ఎఫ్‌ఎల్ తల వంచి హెల్మెట్‌తో గుద్దితే తప్పు అంది. 2024లో వెనక నుంచి పట్టుకుని నడుము జారవిడిచి కాళ్ల మీద పడే పట్టు కూడా నిషేధించారు, చీలమండలు విరుగుతున్నాయని. డార్ట్‌మత్ కాలేజీలో అయితే బడ్డీ టీవెన్స్ అనే కోచ్ 2010లోనే ప్రాక్టీసులో మనిషిని మనిషి పడగొట్టడం మొత్తం మాన్పించాడు. తర్వాత వాళ్ల ఇంజనీరింగ్ పిల్లలు పరిగెత్తే బొమ్మ ఒకటి తయారుచేశారు, రిమోట్‌తో నడిచేది. దాన్ని పడగొట్టి నేర్చుకుంటారు. ఆ జట్టు ఓడిపోలేదు, ఇంకా గెలిచింది.

మామ: ఆ బొమ్మ సంగతి నాకు తెలీదు. బాగుండాది. మన బళ్లో గోనెసంచిలో ఊక నింపి చెట్టుకు కట్టేవాణ్ణి, పట్టు నేర్పేదానికి.

(ఆయన ఆ గోనెసంచి కథ చాలాసేపు చెప్పారు. దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను.)

మేనకోడలు: మరి ఇప్పుడేమంటావు?

మామ: ఇప్పుడు నీ లైన్‌బ్యాకర్ల గురించే అంటాను. ల్యూక్ కీక్లీ. క్యారొలైనా పాంథర్స్. 2012లో వచ్చినాడు, 2013కే దేశం మొత్తానికి ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు. ఎదుటి జట్టు ఏం ఆడబోతుందో ముందే కేకేసి చెప్పేవాడంట. నువ్వు చెప్పిన బుర్ర పనికి ఆయన్ను మించినోడు లేడు. 2016లో ఒక రాత్రి ఆటలో తలకు దెబ్బ తగిలి, బండిలో బయటికి తీసుకుపోతుంటే చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడు. ఎందుకేడుస్తుండాడో ఆయనకే తెలిసినట్టు లేదు. నేను ఆ వీడియో ఒక్కసారి చూసినాను, రెండోసారి చూడలేదు. తర్వాత ఇంకో మూడేళ్లు ఆడినాడు. 2020 జనవరిలో ఇరవై ఎనిమిదేళ్లకు ఇంక చాలన్నాడు. ఎనిమిది సీజన్లు.

మేనకోడలు: తనే ఆపాడు కదా మామా. క్రిస్ బోర్లాండ్ ఇంకా ముందు ఆపాడు. 49ఎర్స్ జట్టులో లైన్‌బ్యాకర్. 2014లో ఒక్క సీజను, అదీ బ్రహ్మాండంగా ఆడాడు. తల దెబ్బల పరిశోధనలు చదివి, ఇరవై నాలుగేళ్లకు వదిలేశాడు. సంతకం చేసినప్పుడు ఇచ్చిన బోనస్‌లో మూడు వంతులు వెనక్కి ఇచ్చేశాడు. నా కొడుక్కి నేను నేర్పాలనుకునేది అది. ఆడు, తెలుసుకుని ఆడు, వద్దనిపిస్తే ఎవరికీ భయపడకుండా దిగిపో.

మామ: ఇరవై నాలుగేళ్లవాడు చదివి తెలుసుకుని దిగిపోయినాడు. పద్నాలుగేళ్లవాడు దిగడు అమ్మణ్ణీ. నేను ముప్పై ఏళ్లు పిలకాయల్ని చూసినాను. దెబ్బ తగిలిందని నోరు తెరిచి చెప్పేవాడు పదిమందిలో ఒక్కడు. మిగతా తొమ్మండుగురు నవ్వతా లేస్తారు. పక్కన నిలబడిన పది మంది కోసం లేస్తారు. నువ్వు వాడికి కావాలన్నావే, ఆ పది మంది కోసం. వాణ్ణి ఆడించేది ఏదో, దెబ్బ దాచిపెట్టేట్టు చేసేది కూడా అదే. నా మోకాలు ఆ రోజు విరిగిందని నాకు తెలుసు. ఇంకో రెండు కూతలు నిలబడినాను.

ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపల్నుంచి అత్త కాఫీలు తెచ్చి పెట్టి, మళ్లీ అదే పంచాయితీయా అని వెళ్లిపోయింది.

మేనకోడలు: నువ్వు వద్దంటే వాడు మానడు మామా. నామీద కోపంతో రెండేళ్లు ఇంట్లో మాట్లాడకుండా తిరుగుతాడు. నువ్వు అడగమన్నవి అడుగుతాను, చెప్పు. సంతకం ఆగస్టు దాకా పెట్టను.

మామ: రాసుకో. భుజంతో పట్టడం ముందు బొమ్మ మీద ఎన్ని వారాలు నేర్పిస్తారు, మనిషి మీదికి ఎప్పుడు దించుతారు? ఆ తొంభై నిమిషాలు ఎవరు గడియారం చూసి రాస్తారు, ఆ పుస్తకం తల్లిదండ్రులకు చూపిస్తారా? వీడి ఈడోళ్లలో వీడికన్నా ఇరవై కిలోలు ఎక్కువున్నోళ్లతో ప్రాక్టీసులో తలపడనిస్తారా?

మేనకోడలు: రాసుకున్నాను.

మామ: ఆట జరుగుతున్నప్పుడు వీణ్ణి బయటికి పిలిచే అధికారం ఎవరిది? కోచ్‌కు గెలవాల. కోచ్ కాకుండా ఇంకొకరు ఆ గీత పక్కన నిలబడి ఉండాల, కోచ్ వద్దన్నా పిలవగలిగిన మనిషి.

మేనకోడలు: ట్రైనర్ ఉంటుంది మామా. లైసెన్స్ ఉన్నావిడ.

మామ: ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేసే అధికారం ఎవరి చేతిలో ఉందో కనుక్కో. కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.